కడలి అడుగున మన ఏటి ఒండ్రు

(గుణదలలో జరిగిన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సముద్రం అడుగున ఉండే బురదను గురించి మాట్లాడతామంటే కార్యవర్గంలో ఒకరిద్దరు నవ్వారు. గుణదలకు సముద్రమెక్కడిదండీ అన్నారు. నిజమే. ఇక్కడ కొండ ఉంది, కాలువలున్నాయి, ఉప్పునీరు చూడాలంటే బందరు దాకా పోవాలి. కాని మన కాలువ అడుగున ఉన్నదీ, ఆ సముద్రం అడుగున ఉన్నదీ చాలావరకు ఒకే సరుకు. అది ఎలాగో మనవి చేస్తాము.

ఎండాకాలంలో కాలువలు కట్టేసినప్పుడు రైవస్ కాలువలో, ఏలూరు కాలువలో నల్లటి బురద బయటపడుతుంది. కర్రతో పొడిస్తే బుడగలు లేస్తాయి. పిల్లలకు అది ఆట, పెద్దలకు రోత. ఆ నలుపు ఏమిటంటారా? ఆకు, అలము, గడ్డి, పేడ, నాచు, చచ్చిన చేప, ఊరి మురుగు. ఒకప్పుడు ప్రాణమున్న వాటి శేషమంతా అందులో ఉంది. శాస్త్రజ్ఞులు దీన్ని సేంద్రియ పదార్థమంటారు. గాలి తగిలేచోట ఇది త్వరగా కుళ్ళి, బొగ్గుపులుసు వాయువై పోతుంది. ప్రాణవాయువు అందని బురదలో మాత్రం సూక్ష్మజీవులు దాన్ని మెల్లమెల్లగా తింటూ మిథేన్ అనే వాయువును వదులుతాయి. ఆ బుడగలు అవే. ఉర్దూలో మేము ఈ అడుగు మడ్డిని 'గాద్' అంటాము. తెలుగువారు ఒండ్రు అన్నారు. ఒండ్రు అన్న మాటలో పంట గుర్తుకొస్తుంది, గాద్ అన్న మాటలో చీపురు గుర్తుకొస్తుంది. ఈ ఒక్క విషయంలో మేము తెలుగు పక్షమే.

ఇక సముద్రం మాట. సముద్రపు పైపొరలో, ఎండ తగిలేంత మేర, కంటికానని మొక్కలు కోటానుకోట్లు పుట్టి చస్తుంటాయి. వాటి నుసి కిందకు రాలుతుంది. దారిలోనే చాలా భాగం ఇతర ప్రాణులకు ఆహారమైపోతుంది. చివరకు అడుగు మట్టిలో శాశ్వతంగా పూడుకొనేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. నట్టనడి సముద్రంలో వెయ్యేళ్ళకు కొన్ని మిల్లీమీటర్ల మట్టి పేరుకోవడమే గొప్ప. మన బంగాళాఖాతం తీరు వేరు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ ఇన్ని నదులు తెచ్చిపోసే బంకమట్టి ఆ నుసికి బరువు కట్టినట్లు పట్టుకొని త్వరగా కిందకు దింపుతుంది. దిగిన తరువాత కూడా మట్టి రేణువు దాన్ని అంటిపెట్టుకొని సూక్ష్మజీవుల నోట పడకుండా కొంత కాపాడుతుంది. బంకమట్టి చేతికంటితే ఎంత కడిగినా వదలదు చూడండి, అదే గుణం.

ఈ చదువు మనకు కొత్తదేమీ కాదు. 1952లో లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు విశాఖకు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సముద్ర పరిశోధనకు ఊపు తెచ్చాడు. అక్కడి భూగర్భ శాఖలో ఆచార్య సి. మహాదేవన్ గారు పెద్దదిక్కు. ఎం. సుబ్బారావు గారు మన తూర్పు తీరపు సముద్ర మట్టిలోని సేంద్రియ పదార్థం మీద 1960లోనే అమెరికాలోని చమురు భూగర్భ శాస్త్రజ్ఞుల పత్రికలో వ్యాసం ప్రకటించారు. ఆ రోజుల్లో ఈ విషయం మీద పనిచేసినవారు లోకంలోనే కొద్దిమంది.

2006లో భారత ప్రభుత్వపు కార్యక్రమం కింద 'జాయిడెస్ రిజల్యూషన్' అనే తవ్వకపు ఓడ మన తీరాలకు వచ్చింది. గోదావరి ముఖద్వారానికి ఎదురుగా, 1,268 మీటర్ల లోతు నీటి కింద గొట్టం దింపి మట్టిని నిలువుగా తీశారు. పనసలో తొన తీసినట్లు కాదు, చెరకు గడ తీసినట్లు పొడుగ్గా. పైది నిన్నటి మట్టి, కిందిది వేల ఏళ్ళ నాటిది. ఆ మట్టిలో వారు వెతికినది బంగారం కాదు, ఆకు మీది మైనం.

తామరాకు మీద నీటి బొట్టు నిలవదు కదా, కారణం ఆ మైనమే. చాలా మొక్కల ఆకులకు పలచగానైనా ఉంటుంది. ఆకు కుళ్ళినా మైనం అంత త్వరగా కుళ్ళదు. వానకు కొట్టుకొని, వాగులో పడి, నదిలో పడి, సముద్రం అడుగుకు చేరి అక్కడే ఉంటుంది. అందులో మరో కిటుకుంది. కర్బనంలో తేలికది, బరువైనది అని రెండు రకాలు. చెట్లు, వరి వంటి మొక్కలు బరువైనదాన్ని బాగా తగ్గించి తీసుకుంటాయి. జొన్న, సజ్జ, మెట్టప్రాంతపు గడ్డి జాతులు అంత పట్టింపుగా ఉండవు, బరువైనది కాస్త ఎక్కువే తీసుకుంటాయి. కనుక మైనంలోని కర్బనాన్ని తూచి చూస్తే, ఆ మట్టి దిగిన కాలంలో నది ఎగువన అడవులు ఎక్కువో, ఎండకు తట్టుకొనే గడ్డి ఎక్కువో చెప్పవచ్చు. అంటే వానల లెక్క తెలుస్తుంది. ఆ రోజుల్లో రాసిపెట్టే కరణం లేడు, ఆకే లెక్క రాసింది.

2012లో ఆ లెక్క ప్రకటించారు. సుమారు 4,000 ఏళ్ళ కిందటి నుంచి 1,700 ఏళ్ళ కిందటి వరకు గోదావరి పరీవాహక ప్రాంతంలో ఎండకు తట్టుకొనే మొక్కలు క్రమంగా పెరుగుతూ వచ్చాయి, ఆ తరువాత అలాగే నిలిచిపోయాయి. దక్కను ఎండింది. విచిత్రమేమంటే, ఊళ్ళు కట్టుకొని స్థిరంగా సేద్యం చేసే జీవనం ఇక్కడ వేళ్ళూనుకున్నది ఇలా వానలు తగ్గుతున్న కాలంలోనేనట. వానలు పోతే మనుషులు పోతారని పాఠాల్లో చెప్పడం అలవాటైన మాకు ఇది కొత్తగా తోచింది.

ఆకు మాత్రమే కాదు, కొయ్య కూడా పోతుంది. 2015లో అదే ఓడ బంగాళాఖాతం నడిమికి, మూడున్నర కిలోమీటర్ల లోతు పైబడిన చోటికి వెళ్ళి తవ్వింది. హిమాలయాల నుంచి వేల కిలోమీటర్లు కొట్టుకొచ్చిన కర్ర తునకలు అక్కడి మట్టిలో దొరికాయి. 1 కోటి 90 లక్షల ఏళ్ళ వెనుక దిగిన పొరల్లో కూడా ఉన్నాయని 2019లో చెప్పారు. ఇలా పూడుకున్న కర్బనం గాలిలోకి తిరిగి రాదు. భూమి వేడెక్కకుండా ప్రకృతి చేసుకున్న పొదుపు ఇది.

గ్యాసు సంగతి ఒక్క ముక్కలో ముగిస్తాము, పత్రికల్లో మీరు చదివేదే. లోతు నీటి బరువుకు, అడుగున ఉండే చలికి ఆ బురదలోని మిథేన్ నీటితో కలిసి మంచుగడ్డవలె గట్టిపడుతుంది. 2006లో కృష్ణా-గోదావరి మండలంలో ఒకచోట ఇది 128 మీటర్ల మందాన కనబడింది. మన కాలువ బుడగకు ఇది పెద్దన్న. తీసి వాడుకోవాలని ప్రయత్నాలు సాగాయి. తీసేటప్పుడు గాలిలోకి తప్పించుకుంటే బొగ్గుపులుసు వాయువుకంటే ఎన్నోరెట్లు వేడి పుట్టిస్తుంది కనుక తొందర పనికిరాదని మా అభిప్రాయం.

మమ్మల్ని కలవరపెట్టేది మరొకటి. ఈ ఒండ్రు రావడమే తగ్గిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఆచార్య కె. నాగేశ్వరరావు గారు, వారి సహచరులు 2010లో ప్రకటించిన లెక్క ప్రకారం, 1966-69 ప్రాంతంలో కృష్ణ తన డెల్టా తలవద్దకు ఏటా సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000-05 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. తక్కినది ఎగువ ఆనకట్టల వెనుక జలాశయాల్లో దిగిపోతున్నది. ఆనకట్టలు వద్దని మేమనడం లేదు. 1855లో పూర్తయిన ఆనకట్ట, ఆ తరువాత 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ లేకపోతే ఈ కాలువలూ లేవు, ఈ వరీ లేదు, ఇక్కడ ఇందరం కూర్చోవడమూ ఉండేది కాదు. కాని జలాశయంలో దిగిన ఆకు కొంత అక్కడే పూడి, కొంత కుళ్ళి మిథేనై పైకి పోతుంది. సముద్రపు లోతుల్లో దొరికే భద్రత దానికి అక్కడ లేదు. రిజర్వాయర్లలో పూడిక అంటే నీరెంత తగ్గిందన్న లెక్కే తీస్తారు. ఆ పూడిక ఎవరికి చేరవలసినదో ఆ లెక్క కూడా తీయాలని ఇంజనీర్లను, ప్రజాప్రతినిధులను అడిగే హక్కు దిగువనున్న మనకుంది.

చేరవలసిన చోటు దివిసీమ చివర. సముద్రం ఏటా కోసుకుపోయే ఒడ్డును నది ఏటా పూడ్చేది. ఇప్పుడు కోత మిగిలింది, పూడ్చడం తగ్గింది. ఆ ఒడ్డునే మడ అడవులున్నాయి, తుపానుకు మొదట ఎదురు నిలిచేవి అవే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గుర్తున్న వారు ఈ సభలోనూ ఉంటారు. నాగాయలంక దాటి ఎదురుమొండి వైపు చుట్టాలున్న వారు ఈసారి పోయినప్పుడు అక్కడి పెద్దలను అడిగి చూడండి, పాత ఒడ్డు ఎక్కడిదాకా ఉండేదని. వారు చెయ్యి చాపి నీళ్ళవైపు చూపిస్తారు.