తాళయంత్రమును కొనుటకు ముందు

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములలో పెళ్లిళ్లకును, జాతరలకును, భజనలకును వాద్యబృందములను పిలుచుట పరిపాటి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మవారి తిరునాళ్లలో డప్పుల మ్రోత వినని వారు ఇచ్చట అరుదు. నేడు చిన్న బృందములవారు సైతము ఇంటి కంప్యూటరుపై పాటలు కూర్చుకొనుచు, తోడుగా డ్రమ్ మెషిన్ కొనదలచుచున్నారు. సంతోషమే. కాని ముహూర్తముల రోజులలో కూడబెట్టిన సొమ్ముతో తెచ్చిన యంత్రము ఇంటి కంప్యూటరుతో కలియనిచో, ఆ నష్టము చిన్న బృందమునకు పెద్దదే. కావున కొన్ని సంగతులు మనవి చేయుదుము.

వాద్యయంత్రములు పరస్పరము సంకేతములు పంపుకొను ‘మిడి’ పద్ధతి 1983లో ఏర్పడినది. అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపానుకు చెందిన ఇకుతారో కాకెహాషి దీనికి ముఖ్యకారకులు. మిడి తీగలో ప్రవహించునది నాదము కాదు, ఆజ్ఞ మాత్రమే. ఏ వాద్యమును, ఎప్పుడు, ఎంత బలముగా మ్రోగింపవలెనో అది తెలుపును. నాదమును రికార్డు చేయుటకు వేరుగా ఆడియో తీగ కావలెనా, యు.ఎస్.బి. తీగయే చాలునా అని మొదట అడుగవలెను.

రెండవది డ్రైవర్. కొన్ని యంత్రములు తగిలించినంతనే పనిచేయును. కొన్నిటికి కంపెనీవారి ప్రత్యేక డ్రైవర్ కావలెను. అది మీ విండోస్‌కో, మాక్‌కో, అందును మీ వెర్షనుకు ఉన్నదో లేదో కంపెనీవారి పట్టికలో చూడవలెను. 2019లో వచ్చిన మాక్ కాటలినాలో పాత 32 బిట్ల ప్రోగ్రాములు పనిచేయుట మానినవి. పాత యంత్రమును చౌకగా కొనువారు దీనిని మరువరాదు. అయిదు సూదుల మిడి రంధ్రమున్నచో, చిన్న ఇంటర్‌ఫేస్ సాయమున పాతదానిని కూడ వాడుకొనవచ్చును.

మూడవది మన వాద్యములు. 1991 నాటి జనరల్ మిడి పట్టికలో తాళవాద్యములకు 35 మొదలు 81 వరకు సంఖ్యలు కలవు. అందు డప్పు, మృదంగము, తబలా లేవు. సాఫ్ట్‌వేర్‌లో డప్పుకు మీరిచ్చిన సంఖ్యకు యంత్రము మరియొక వాద్యమును మ్రోగింపవచ్చును. ఆ సంఖ్యలను మార్చుకొను వీలున్నదా? మన నాదములను అందులో చేర్చవచ్చునా?

నాలుగవది తాళము. మిడి గడియారము అక్షరమునకు 24 సంకేతములు పంపును. చతురశ్రగతిలో భాగమునకు 6, తిశ్రగతిలో 8 వచ్చును. ఖండగతిలో అయిదు సమభాగములు రావు. లోపల ఇంతకన్న సూక్ష్మముగా లెక్కించు యంత్రమే దానిని సరిగా పలికించును. మిశ్రచాపునకు 16 అడుగుల వరుసను 14కు కుదించు సదుపాయము కూడ కావలెను.

విజయవాడ దుకాణమునకు పోవునప్పుడు మీ కంప్యూటరును, తీగలను, మీ బృందము పాడు పాట నొకదానిని వెంట కొనిపోవుడు. అచ్చటనే కలిపి, పాట మొదటినుండి చివరివరకు తాళము తప్పకున్నదో లేదో వినుడు. కుదరనిచో తిరిగి తీసికొందురా అని అడిగి, ఆ మాటను రసీదుపై వ్రాయించుకొనుడు. సొమ్ము చెల్లించుట ఆ పిమ్మటనే.