వర్షాశనానికి ట్రస్టు తోడైతే

పూర్వం మన సంస్థానాలలో పండితులకు ఏటేటా ముట్టే పైకాన్ని వర్షాశనమనేవారు. అమెరికాలో బీమా కంపెనీలు అమ్మే యాన్యుయిటీకి ఆ మాట చక్కగా అతుకుతుంది. అయితే ఇది ప్రభువు దయ కాదు. ముందుగా తాము కట్టిన సొమ్మే పెరిగి, వృద్ధాప్యంలో విడతలుగా తిరిగి వస్తుంది. మన ఇండ్లనుండి వెళ్లి అక్కడ స్థిరపడినవారికి దీనితోపాటు ఎదురయ్యే మరొక ఏర్పాటు లివింగ్ ట్రస్టు. గృహస్థు బ్రదికి ఉండగానే ఆస్తిని ట్రస్టు పేర వ్రాసి, తానే ధర్మకర్తగా అనుభవిస్తూ, ఇష్టమైనపుడు రద్దు చేసుకొనవచ్చును. ఆయన అనంతరం వారసులు ప్రోబేటు కోర్టు మెట్లెక్కనక్కర లేదు.

రెండూ మంచివే గదా, కలిపితే మరింత మేలని తోచడం సహజం. కాని యాన్యుయిటీ పత్రంలో వారసుని పేరు వ్రాసి ఉన్నట్లయితే, ఆ సొమ్ము ట్రస్టు లేకుండానే కోర్టును తప్పించుకొంటుంది. ఈ సంగతి అమ్మేవారు తరచు చెప్పరు.

రద్దు చేయదగిన ట్రస్టు పేరిట యాన్యుయిటీని మార్చినంతమాత్రాన సాధారణంగా పన్ను పడదు. పన్నువారి దృష్టిలో యజమాని మారలేదు. రద్దు చేయరాని ట్రస్టుకు దానమిస్తే మాత్రం అంతవరకు పేరుకొన్న లాభంపై వెంటనే పన్ను పడవచ్చును. 1986 నాటి పన్ను సంస్కరణ చట్టం మరొక మెలిక పెట్టినది: వ్యక్తి కాని సంస్థ యజమాని అయితే ఏటి పెరుగుదలపై ఆ యేడే పన్ను. వ్యక్తి తరఫున ప్రతినిధిగా ఉంచుకొన్న ట్రస్టుకు మినహాయింపు ఉన్నది. విశ్రాంతి వేతన ఖాతాలోని యాన్యుయిటీని ట్రస్టు పేరిట మార్చడం అసలే తగదు. మొత్తమంతా ఒక్కసారిగా తీసుకొన్నట్లు లెక్కిస్తారు.

అసలు చిక్కు యజమాని మరణించినపుడు వస్తుంది. ఒక గృహస్థు లక్ష డాలర్లు కట్టగా అది 1,60,000 అయినదనుకొందాం. ఇంటికైతే వారసుల చేతిలో మరణదినపు విలువే కొత్త అసలవుతుంది. పాత లాభానికి పన్ను లేదు. యాన్యుయిటీకి ఆ సౌకర్యం లేదు. 60,000 లాభానికి ఎవరో ఒకరు పన్ను కట్టవలసిందే. భార్య పేరు నేరుగా వ్రాసి ఉంటే ఆమె దానిని తన పేరిట కొనసాగించి, పన్నును వాయిదా వేసుకొనవచ్చును. ట్రస్టు పేరు వ్రాసి ఉంటే సాధారణంగా అయిదేండ్లలోగా సొమ్మంతా తీసుకొనవలసి వస్తుంది.

పైగా ట్రస్టులో నిలవ ఉన్న ఆదాయానికి పన్ను మెట్లు బహు ఇరుకు. 2025లో 15,650 డాలర్లు దాటగానే 37 శాతం. ఒంటరి వ్యక్తికి ఆ మెట్టు 6,26,350 దాటితేగాని రాదు. ఆ 60,000 ఒకే యేట ట్రస్టులో నిలిచిపోతే కేంద్ర ఆదాయపు పన్నే సుమారు 20,000. లబ్ధిదారులకు పంచిపెడితే వారి వారి రేట్లు వర్తిస్తాయి. అప్పుడు కొంత ఊరట.

అయినా మైనరు బిడ్డ, స్వయంగా వ్యవహరించలేని బిడ్డ, చేతికందినది నిలుపుకోలేని కుమారుడు ఉన్న యింట ట్రస్టునే వారసునిగా వ్రాయడం సబబని మా అభిప్రాయం. ఆ పన్ను రక్షణకు చెల్లించే మూల్యం. దంపతులిద్దరే ఉన్నచోట దాని అవసరం మాకు కనబడదు.

వీలునామాలో ఏమి వ్రాసినా, సాధారణంగా కంపెనీ పత్రంలోని పేరుకే సొమ్ము చెల్లుతుంది. పెండ్లికి పూర్వం వ్రాసిన పేరు అలాగే ఉండిపోయినదేమో, ట్రస్టు వ్రాసే న్యాయవాది ఆ పత్రాన్ని చూచినాడో లేదో, సంతకానికి ముందే విచారించుకొనవలె.