పాత నిర్మల్ బొమ్మ – అసలు రంగు

(విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. నాకిచ్చిన పావుగంటలో వేరే సంగతి ఒకటి మనవి చేస్తాను. ఇక్కడ కూర్చున్న వారిలో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పనిచేయని వారు తక్కువ. బదిలీ అయినప్పుడో, పదవీ విరమణ రోజునో శాలువాతో పాటు ఒక నిర్మల్ బొమ్మ మన చేతిలో పెట్టారు. నల్లని నేల మీద బంగారు రంగు లేళ్లున్న పళ్లెం కావచ్చు, కొయ్య చిలుక కావచ్చు, బుట్టెడు పండ్లు కావచ్చు. అది ఇప్పటికీ మన షోకేసులో ఉన్నది. రంగు వెలిసి, ముక్కు విరిగి, పెచ్చులు లేచి ఉన్నది. పండుగకు ఇంటికి సున్నం వేసేటప్పుడు పిల్లలు “నాన్నా, దీనికి కూడా ఒక కోటింగు వేసేద్దాం” అంటారు. ఆ కోటింగు వేయకముందు ఆలోచించవలసిన నాలుగు మాటలే నేటి నా ప్రసంగం.

నేను చిత్రకారుణ్ణి కాను, గుమాస్తాను. రిటైరైన తర్వాత జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా బస్సెక్కి నిర్మల్ వెళ్లి, పనివారి పక్కన కూర్చుని చూసి, అడిగి తెలుసుకున్నదే నా విద్య. తెలిసిన వారి ఇళ్లలోని పాత బొమ్మలకు చిన్న చిన్న మరమ్మతులు చేయడం నా కాలక్షేపం.

ముందు బొమ్మ కట్టడం తెలియాలి. నిర్మల్ బొమ్మకు వాడేది పొనికి కర్ర. చేతిలో తీసుకుంటే బెండులాగా తేలికగా ఉంటుంది, ఉలికి మెత్తగా తెగుతుంది. తల, కాళ్లు, రెక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. ఆ పైన తెల్లమట్టి పూత, దాని మీద రంగు. అంటే కర్ర, ముద్ద, మట్టి, రంగు, మెరుపు అని ఐదు పొరలు. మన కంటికి కనిపించేది చివరి పొర ఒక్కటే. లోపలి మట్టి తడికి కరుగుతుంది. అందుచేత పాత బొమ్మను కుళాయి కింద పెట్టి సబ్బుతో కడగడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులపండి, చాలు.

రంగులలో రెండు కాలాలున్నాయి. పూర్వం ఖనిజాల నుండి, చెట్ల నుండి తీసిన రంగులు. తరువాత డ్యూకో వచ్చింది. డ్యూకో అంటే మన పనివారు ఏదో ఒక రకం మెరుపు రంగుకు పెట్టుకున్న పేరు అనుకునేవాణ్ణి. అది నిజానికి అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ మోటారు కార్ల కోసం తయారుచేసిన రంగు. 1924 మోడల్ ఓక్లండ్ కార్లకు మొదట వాడారు. అంతకుముందు ఒక కారుకు రంగులు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది, ఇది గంటల్లో ఆరింది. కార్ల కోసం పుట్టిన ఆ రంగు గోదావరి దాటి వచ్చి కొయ్య చిలుకకు, మామిడిపండుకు మెరుపునిచ్చింది. ఇంగ్లండులో పాత గడ్డికోత యంత్రాలను బాగుచేసే ముసలివారున్నారట. వారికీ మనకున్న చిక్కే. అసలు పచ్చ ఏది? వారు యంత్రం మీది ఇత్తడి పేరుపలక విప్పి, దాని కింద ఎండ తగలని చోట చూస్తారు. మన బొమ్మకు పేరుపలక లేదు గాని, ఎండ తగలని చోట్లున్నాయి.

అవి ఏవంటే, బొమ్మను తిరగవేస్తే పీట అడుగు అంచు. రెక్క ఒంటికి ఆనుకునే సందు. పళ్లెం వెనుక గోడకు తగిలించే కొక్కెం కింద. పటమైతే చట్రం కప్పిన అంగుళం మేర. అక్కడ కనిపించేదే పనివాడు వేసిన రంగు. ముఖం మీద కనిపించేది ఆ రంగు, దానిపై ఇన్నేళ్ల ఎండ, అగరువత్తుల పొగ, వంటింటి జిడ్డు, పసుపెక్కిన వార్నిష్ అన్నీ కలిసినది. తెల్లని కొంగ దంతం రంగుకు తిరగడం, నీలం పచ్చగా కనిపించడం చాలామట్టుకు ఆ పసుపెక్కిన వార్నిష్ వల్లనే. లోపలి రంగు చెక్కుచెదరలేదు. ఈ తేడా తెలియక కొందరు ఉన్న రంగును గీకి పారేస్తారు.

రెండవది, పాత రంగు ఏ జాతిదో తెలుసుకోవాలి. పీట అడుగున గోరంత చోట తడి దూది ఆనించండి. రంగు దూదికి అంటితే అది నీటి రంగు, దాని మీద నీరు పడకూడదు. అంటకపోతే ఇంకొకచోట థిన్నర్ చుక్క తగిలించండి. కరిగి అంటితే డ్యూకో. ముడతలు పడి ఉబ్బితే ఎవరో తరువాత వేసిన ఇనామెల్ పెయింటు. ఇనామెల్ మీద డ్యూకో వేస్తే కింది పూత అలాగే ఉబ్బి లేస్తుంది, బొమ్మ మొత్తం పోతుంది.

మూడవది, రంగు కలపడం. ఇందులో ముఖ్యమైనది వెలుతురు. రాత్రి ట్యూబ్‌లైటు కింద సరిగ్గా కుదిరిన రంగు తెల్లవారి వాకిట్లో చూస్తే వేరుగా ఉంటుంది. బొమ్మ షోకేసులో ఏ వెలుతురులో ఉంటుందో ఆ వెలుతురులోనూ, పగటి నీడలోనూ రెండుచోట్లా చూడాలి. తడి రంగును చూసి తీర్పు చెప్పకూడదు. ఆరిన తర్వాత అది మారుతుంది. అట్టముక్క మీద వేసి, ఒకరోజు ఆరనిచ్చి, బొమ్మ పక్కన పెట్టి చూడండి. లేత రంగులోకి ముదురు రంగును చుక్క చుక్కగా కలపాలి, ముదురులో లేతను పోస్తే డబ్బాలు ఖాళీ అవుతాయి గాని రంగు కుదరదు. పసుపును కొంచెం మందగింపజేయాలని నలుపు కలిపితే అది పచ్చకు తిరుగుతుంది, చిటికెడు జేగురు కలపండి. బంగారు రంగు జోలికి మాత్రం ఇంట్లో పోవద్దు. బజారులో దొరికే బంగారు పొడి రాగి, జింకు కలిపినది. కొన్నాళ్లకు నల్లబడుతుంది. నిర్మల్ పనివారి బంగారపు చాయ వారికే తెలిసిన విద్య.

ఇక అసలు ప్రశ్న. దేనికి సరిపోయేటట్లు కలపాలి? మొదటి రోజు రంగుకా, నేటి రంగుకా?

ఒక ఉదాహరణ చెబుతాను. నాతో పనిచేసిన ఒక మిత్రుడు కాలం చేసిన తర్వాత వారి శ్రీమతిగారు ఒక చిలుకను పంపారు. ముక్కు విరిగింది, తోక రంగు పోయింది. అబ్బాయి ఫోనులో “అంకుల్, మొత్తం కొత్తగా చేయించండి, ఖర్చు నేనిస్తాను” అన్నాడు. తల్లికి సంతోషం కలిగించాలనే అతని ఉద్దేశం. పీట అడుగున చూస్తే అసలు పచ్చ కనిపించింది, లేత వరిమడిలా మెరుస్తున్నది. ఆ రంగును అట్టముక్క మీద కలిపి ఆమెకు చూపించాను. ఆమె చాలాసేపు చూసి, “అన్నా, ఇది మా చిలుక రంగు కాదు” అన్నది. అసలు రంగు అదేనని అడుగు భాగం చూపించినా ఆమె ఒప్పుకోలేదు. ఆలోచిస్తే ఆమె మాటలోనూ న్యాయమున్నది. నలభై ఏండ్లు ఆమె చూసినది మెల్లగా వెలుస్తున్న పచ్చను. ఆయన రోజూ తుడిచి పెట్టినది ఆ పచ్చనే. కొత్తగా వేస్తే అబ్బాయికి కొత్త చిలుక వస్తుంది, తల్లికి ఉన్న చిలుక పోతుంది. చివరికి ముక్కు మాత్రం కొత్తది పెట్టి, దానికీ తోకకూ నేటి వెలిసిన రంగుకు సరిపోయేటట్లు కలిపి వేశాను. ఒంటిని ముట్టుకోలేదు. అబ్బాయి కూడా సరేనన్నాడు.

దీని నుండి నేను పెట్టుకున్న నియమం ఇది. విరిగిన భాగం కొంచెమే అయితే నేటి రంగుకు కలపాలి. రంగు మొత్తం రాలిపోయి తెల్లమట్టి బయటపడితే మొదటి రంగుకు కలపాలి. ఏది చేసినా, ఆ బొమ్మ ఎవరిదో వారిని అడిగి చేయాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎమ్రీ కాగితంతో పాత రంగును అరగదీయవద్దు. పాతకాలపు ఎరుపు, పసుపు, తెలుపులలో సీసం, పాదరసం, హరితాళంలో విషం ఉండేవి. ఇంగిలీకం పాదరసపు సరుకే. మన దేశంలో ఇండ్లకు వేసే రంగుల్లో సీసం పదిలక్షలకు 90 వంతులు మించరాదన్న నిబంధన 2016లో వచ్చింది, 2017 నవంబరు నుండి అమలయింది. అంతకుముందు కొన్న డబ్బాల సంగతి ఎవరికీ తెలియదు. ఆ పొడి గాలిలో లేచి మనుమల నోట్లోకి పోతుంది. పెచ్చులు లేచిన పాత బొమ్మను పసిపిల్లల చేతికి ఆటకు ఇవ్వకండి. పైన పెట్టి చూపించండి.

పని పెద్దదయితే నిర్మల్ వెళ్లండి. 1955లో అక్కడ కొయ్యబొమ్మల పనివారి పారిశ్రామిక సహకార సంఘం ఏర్పడింది. 2016లో జిల్లాలు విడిపోయి నిర్మలే ఒక జిల్లా కేంద్రమయింది. అడవిలో పొనికి చెట్టు తగ్గి, కర్ర దొరకడం వారికి కష్టంగా ఉన్నది. కొత్త పిల్లలు ఈ పనికి రావడం తగ్గుతున్నది. మనం మరమ్మతుకు ఇచ్చే ఒక్కొక్క బొమ్మ వారికి ఒకరోజు కూలి, మన పిల్లలకు ఆ విద్యను చూసే అవకాశం.

చివరగా గుమాస్తా బుద్ధితో ఒక కోరిక. మనం ప్రతి ఉద్యోగికి సర్వీసు రిజిస్టరు రాశాం. మీ బొమ్మకూ ఒకటి రాయండి. చిన్న కాగితం మీద, ఎవరు ఇచ్చారు, ఏ సంవత్సరం, ఏ ఊరిలో పనిచేస్తుండగా, ఏ భాగానికి ఎప్పుడు రంగు వేశారు, ఏ రంగులు కలిపారు అని రాసి, రంగు వేసి చూసిన అట్టముక్కతో సహా కవరులో పెట్టి పీట కింద అంటించండి. కాపీ మీద “ట్రూ కాపీ” అని రాయకుండా ఏ కాగితాన్నీ మనం ముందుకు పంపలేదు. బొమ్మ విషయంలోనూ ఏది అసలు, ఏది మన చేయి అని మన తర్వాతి వారికి తెలియాలి.