గడియారం ఎవరి చేతిలో ఉంది?



"మా ఆయన రాత్రి తొమ్మిదింటిదాకా ఆఫీసులోనే ఉంటారండీ, అంత పని!" అని మనలో చాలామంది కొంచెం గర్వంగా, కొంచెం విసుగ్గా చెప్పుకుంటూ ఉంటాం. కొడుకు గురించో, కోడలి గురించో కూడా అంటాం. అంతసేపు కూర్చుంటే పని బాగా జరుగుతున్నట్టేనా? ఈవేళ ఆ సంగతి చెప్పుకుందాం.

నేను అబిడ్స్‌లో ఒక చిన్న ప్రైవేటు సంస్థలో లెక్కలు రాసే ఉద్యోగం చాలా ఏళ్ళు చేశాను. లింగంపల్లి లోకల్ రైల్లో వచ్చి, నాంపల్లి స్టేషనులో దిగి, అక్కణ్ణించి గబగబా నడిచేదాన్ని. ఒకనాడు మా ఆఫీసు గుమ్మం పక్కన వేలిముద్ర మిషను వెలిసింది. పది దాటితే ఆలస్యం. నెలలో మూడు ఆలస్యాలైతే అరపూట జీతం కోత. ఆ నెలలోనే నాకు కోత పడింది. రైలు ఖైరతాబాదు దగ్గర ఆగిపోతే నేనేం చెయ్యను చెప్పండి? ముందురోజు రాత్రి ఎనిమిదింటిదాకా కూర్చున్న సంగతీ ఆ మిషనులోనే ఉంది. మా మేనేజరుగారు మాత్రం రావడం చూసేవారు గాని, వెళ్ళడం చూసేవారు కాదు.

సరే, అందరం పదికల్లా హాజరు. పని ముందుకు సాగిందా అంటే, లేదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక మాలాంటివాళ్ళకి నెలకి రెండు గండాలు. 11వ తారీఖుకల్లా అమ్మకాల వివరాలు, 20వ తారీఖుకల్లా పన్ను కట్టి ఇంకో పత్రం దాఖలు చెయ్యాలి. ఆలస్యమైతే రుసుము, బాకీ మీద వడ్డీ. ప్రతినెలా 19వ తారీఖు మాకు శివరాత్రే!

ఎందుకంటారా? పగలంతా ఎవరో ఒకరు బిల్లు పట్టుకుని వస్తూనే ఉండేవారు. "మేడమ్, ఈ ఒక్కటీ చూడండి" అంటారు. కూడిక మధ్యలో తల ఎత్తితే మళ్ళీ మొదటికి రావాలి. పోపు చేతిలో ఉండగా తలుపు కొట్టినప్పుడల్లా పరుగెత్తితే పోపు మాడదూ?

మాతో పనిచేసే ఒకావిడ, ముగ్గురు పిల్లల తల్లి, ఉపాయం చెప్పింది. గుమ్మం దగ్గర ఒక ట్రే పెడదాం, బిల్లులన్నీ అందులోనే వెయ్యాలి, 11 గంటలకోసారి, 4 గంటలకోసారి తీద్దాం అంది. భోజనాలయ్యాక రెండు గంటలు మమ్మల్ని ఎవరూ పిలవకూడదు, మేనేజరుగారితో సహా! ఆయన ముఖం చిట్లించారు. చివరికి, ఒక నెల చూద్దామన్నారు. మూడో నెలకి 17వ తారీఖుకే పత్రం సిద్ధం. మనుషులు వాళ్ళే, జీతాలూ అవే.

అమెరికాలో లిలియన్ గిల్‌బ్రెత్ అనే ఇంజనీరు ఉండేది. పన్నెండుమంది పిల్లల తల్లి. ఫ్యాక్టరీల్లో వృథా కదలికలు ఎలా తగ్గించాలో పరిశీలించి, ఆ విద్యని వంటింట్లోకి తెచ్చింది. మా ఆవిడ వంటింటి విద్యని ఆఫీసుకి తెచ్చిందన్నమాట.

2021లో కెనడా పరిశోధకులు 158 అధ్యయనాలను, సుమారు 54 వేలమంది వివరాలను కలిపి చూశారు. టైము సర్దుకునేవాళ్ళు ఉద్యోగంలో కొంత మెరుగ్గానే ఉన్నారట. అయితే ఉద్యోగంలో తృప్తి కంటే జీవితంలో తృప్తితోనే దానికి ఎక్కువ సంబంధం కనిపించిందట. నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆ రెండు గంటలు నావి అనుకున్న రోజున ఇంటికొచ్చాక పిల్లల మీద కసురుకునేదాన్ని కాదు.

1988 నాటి దుకాణాల, సంస్థల చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలని హద్దు పెట్టింది. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం, దుకాణాలు మినహా వాణిజ్య సంస్థలకి, రోజుకి 10 గంటలదాకా సడలించింది. వారానికి 48 మాత్రం మారలేదు. అది దాటితే అదనపు వేతనం ఇవ్వాలి. మీ ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి వచ్చేవాళ్ళని ఈ లెక్క ఒకసారి అడగండి.

ఇక ఇంటి సంగతి. 2024లో కేంద్రప్రభుత్వం చేసిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు ఆ పనికే పెడుతున్నారని, మగవాళ్ళు 88 నిమిషాలని తేలింది. మా ఇంట్లోనూ ఒక ట్రే పెట్టాను. కరెంటు బిల్లు, స్కూలు కాగితాలు, అన్నీ అందులోనే వెయ్యమన్నాను. కాగితాలు పడుతున్నాయి. "నా సాక్సు ఎక్కడా?" అన్న కేక మాత్రం ఇంకా పోపు వేళకే వస్తోంది.