నిలువుకాళ్ల వృత్తి – ఉబ్బుసిరల చికిత్స
(మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఆరవ నిజాము కొలువునందుండిన ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణమువలన ఆబిడ్స్‌కు ఆ పేరు వచ్చినది. నాంపల్లి రైలుస్టేషను 1907లో వెలసినది. నాటినుండి నేటివరకు ఈ రెండుపేటలును నిలుచుండి పనిచేయువారి పేటలే. బట్టలకొట్టు గుమాస్తా, స్టేషను కూలీ, నుమాయిషు అంగడివాడు, క్షౌరశాలలోని మన సోదరుడు – అందరును కాళ్లమీదనే దినము గడుపుదురు. ఇట్టివారిని తరచు బాధించు ఉబ్బుసిరలనుగూర్చి నేడు మనవి చేయుచున్నాము.

వాడుకలో వీనిని నరములందురు. నిజమునకివి నెత్తురును గుండెకు మరలించు సిరలు. పిక్కకండ బిగిసినపుడెల్ల నెత్తురు పైకెక్కును. సిరలోని కవాటములు దానిని క్రిందికి దిగనీయవు. కదలక నిలుచున్నచో పిక్కకు పని యుండదు. కవాటము చెడెనా, నెత్తురు వెనుకకు జారి సిర ఉబ్బి మెలికలు తిరుగును. వంశము, వయస్సు, గర్భధారణము, స్థూలకాయము ఇందుకు తోడగును. మొదట సాయంకాలమునకు కాలు బరువెక్కును. పిదప చీలమండపై చర్మము నల్లబడును. తుదకు మానని పుండు పడును.

చికిత్సకు మొదటిమెట్టు డాప్లర్ పరీక్ష. ఏ కవాటము చెడినదో, లోపలిసిరలలో నెత్తురు గడ్డకట్టినదో లేదో ఇది చూపును. బోర్డుమీది మాట నమ్మి, పరీక్ష లేక చికిత్సకు దిగరాదు.

జర్మనీ వైద్యుడు ట్రెండలెన్‌బర్గ్ 1890 ప్రాంతమున తొడసిరను కట్టివేయు శస్త్రచికిత్సను ప్రకటించెను. పిమ్మట సిరను లాగివేయు పద్ధతి వచ్చెను. 1999 ప్రాంతమునుండి లేజరు లేక రేడియోతరంగముల వేడిచే సిరను లోపలనే మూయుట వ్యాప్తిలోనికి వచ్చినది. మత్తు ఆ చోటికే చాలును. పెక్కురు ఆనాడే ఇల్లు చేరుదురు. సిర మూసిన నెత్తురునకు దారి యేదని కొందరు భయపడుదురు. లోపలిసిరలు ఆ పనిని నెరవేర్చును. ఇంగ్లండు నైస్ సంస్థ 2013 సూచనలలో వేడిచికిత్సకు మొదటిస్థానమును, నురుగుమందు సూదికి రెండవదానిని, శస్త్రచికిత్సకు మూడవదానిని ఇచ్చినది. బిగుతు మేజోళ్లు బాధను తగ్గించునుగాని కవాటమును బాగుచేయవు. ధమనులు పూడినవారికి హానికరములు గనుక వైద్యుని అడుగక తొడుగరాదు.

జాగు చేయుట కూడదు. 450 మంది పుండురోగులపై ఇంగ్లండులో జరిగి 2018లో ప్రకటితమైన పరిశోధనయందు, సిరను వెంటనే మూసినవారిలో సగముమందికి 56 దినములలో పుండు మానెను. చికిత్స వాయిదాపడినవారిలో అందుకు 82 దినములు పట్టెను. ఉబ్బుసిర చిట్లినచో రోగిని పరుండబెట్టి, కాలు పైకెత్తి, గట్టిగా అదిమిపట్టి ఆసుపత్రికి చేర్పవలెను.

మన పెద్దలు ఊరికి వైద్యులై పుండ్లు కడిగి కట్టుకట్టినవారు. ఊరిపుండ్లు మాన్పిన వంశమువారు, ఒకనాటి కూలి పోవునను దిగులుతో, తమ కాలిపుండును వస్త్రముక్రింద దాచుకొనుట తగునా? పని నడుమ మడమలెత్తి దింపుడు. సందు దొరకిన కూర్చుండుడు. సిర కనబడినపుడే వైద్యునికి చూపుడు. పంజగుట్ట నిమ్స్‌నందు రక్తనాళ శస్త్రవైద్యవిభాగము గలదు.

పోషకులకు మా విన్నపమొక్కటి. సంఘము ఏటేట డాప్లర్ పరీక్షాశిబిరము జరుపవలెను. చికిత్సకు పోవు బీదవానికి ఆ దినముల కూలి సంఘనిధినుండి ముట్టవలెను. నిలువుకాళ్లపై కుటుంబములను నిలిపినవారి కాళ్లను నిలుపుట మన విధి.