చిలికా నాడి ఎవరు చూడాలి?

(బరంపురంలో తెలుగు క్రైస్తవ యువజనులతో చేసిన ప్రసంగ పాఠం)



మనకు దగ్గర్లోనే ఉన్న చిలికా సరస్సు గురించి నాలుగు మాటలు చెబుతాను. మనలో చాలామంది రంభకో బర్కులుకో పిక్నిక్‌కు వెళ్లి, పడవెక్కి ఫొటోలు దిగి వచ్చినవాళ్లే. ఆ నీటినే నమ్ముకుని బతికే జాలరి జనం లక్షన్నరకు పైమాటే. ఒరియావారు నోలియాలని పిలిచే మన తెలుగు జాలర్లూ వాళ్లలో ఉన్నారు. కాబట్టి ఇది ఎవరిదో సరస్సు కాదు.

చిలికాలో ఉప్పునీరు, మంచినీరు కలుస్తాయి. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లుండే సరస్సు వానాకాలంలో 1,100 దాటుతుంది. సముద్రంలోకి తెరుచుకునే మొగే దీనికి ఊపిరి. మహానది పాయలు తెచ్చే ఒండ్రు, సముద్రం వేసే ఇసుక మేటలు కలిసి ఆ మొగను పూడ్చేస్తూ వచ్చాయి. నీటిలో ఉప్పు తగ్గింది, కలుపు కమ్ముకుంది, చేప పడడం మానేసింది. 1981లో రామ్‌సర్ గుర్తింపు పొందిన సరస్సు 1993లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాకెక్కింది. 1999-2000లో పట్టిన చేప సుమారు 1,700 టన్నులే.

2000 సెప్టెంబరులో చిలికా అభివృద్ధి సంస్థ సాతపడా దగ్గర కొత్త మొగ తవ్వించింది. సముద్రానికి దారి సుమారు 18 కిలోమీటర్లు తగ్గింది. రెండేళ్లలోనే దిగుబడి 10,000 టన్నులు దాటింది. 2002లో ఆ ప్రమాద జాబితా నుంచి చిలికా పేరు తీసేశారు.

ఇదంతా ఇంజనీర్ల ఘనతే అనుకుంటే సగం కథే విన్నట్టు. మిగతా సగం జాలర్లది. 1990ల మొదట్లో ఒక పెద్ద కంపెనీ రొయ్యల ప్రాజెక్టు పెట్టబోతే జాలర్ల సంఘాలు అడ్డం నిలబడ్డాయి. ఉత్కళ విశ్వవిద్యాలయ విద్యార్థులు, అంటే మీ వయసు పిల్లలే, ఊరూరా తిరిగి వాళ్లకు తోడయ్యారు. ప్రాజెక్టు వెనక్కి పోయింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చిలికా, పులికాట్ సరస్సులకు 1,000 మీటర్ల లోపు రొయ్యల చెరువులు కూడదని తీర్పు చెప్పింది. అయినా వెదురు, వలలతో సరస్సులోనే కంచెలు కట్టే ఘేరీలు ఆగలేదు. 1999 మే నెలలో ఘేరీలను జాలర్లే పీకేస్తే, సొరానాలో పోలీసు కాల్పులకు నలుగురు బలయ్యారు. చిలికాను కాపాడినవాళ్ల లెక్కలో ఆ నలుగురూ ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ప్రజల భాగస్వామ్యం అని అందరూ అంటారు. ఎవరా ప్రజలు? ఏడాదికోసారి ఒడ్డున ప్లాస్టిక్ ఏరి బ్యానరు పట్టుకుంటే అది భాగస్వామ్యమా? 2012లో చిలికాకు పిల్లల ప్రోగ్రెస్ కార్డులాంటి ఆరోగ్య నివేదిక తయారు చేశారు. నీటి తేట, ప్రాణవాయువు, చేపలు, పక్షులు, ఇలా ఒక్కోదానికి మార్కులు. మంచి పనే. అయితే ఆ కార్డు చదివేదెవరు? మార్కులు తగ్గితే నిలదీసేదెవరు? జాలరి ఇంట్లో ఆ అంకెలు అర్థమయ్యే రోజున గానీ అది ప్రజల కార్డు కాదు.

మీరు చేయగలిగినవి మూడు చెబుతాను.

ఒకటి, వినండి. ఏ నెలలో ఏ చేప రావాలి, ఏది రావడం లేదు అన్నది జాలరికి తెలిసినంతగా ఏ పరికరానికీ తెలియదు. ముందు ఆయన దగ్గర కూర్చోండి.

రెండు, కొలవండి. నలుపు తెలుపు రంగులు వేసిన పళ్లేన్ని తాడుకు కట్టి నీళ్లలోకి దించితే అది ఎంత లోతులో కనబడకుండా పోతుందో, నీరు అంత తేటగా ఉన్నట్టు. అదే చోట ప్రతి నెలా కొలిచి, తేదీ వేసి, నోటుబుక్కులో రాయండి. ఒక్క రోజు కొలత ఏమీ చెప్పదు, మూడేళ్ల కొలత సాక్ష్యం చెబుతుంది.

మూడు, అడగండి. భువనేశ్వర్ మురుగు గంగువా కాలువ మీదుగా దయా నదిలో కలిసి చిలికాకే చేరుతుంది. శుద్ధి ఎంతవరకు జరుగుతోందో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. తొలగించిన ఘేరీ మళ్లీ వెలిస్తే తేదీతో ఫొటో తీసి కలెక్టరుకు రాయండి. ఒంటరిగా కాదు, జాలర్ల సంఘంతో కలిసి, వాళ్లు సరే అన్నాకే. ఎందుకంటే రేపు బెదిరింపు వచ్చేది వాళ్ల గుమ్మానికి.

యెహెజ్కేలు గ్రంథం 47వ అధ్యాయం ఇంటికెళ్లి చదవండి. చచ్చిన నీళ్లు బాగుపడ్డాయనడానికి ప్రవక్త చూపించే గురుతు ఒడ్డున వలలు ఆరవేసుకునే జాలర్లు. చేప తిరిగి వచ్చినా, జాలరికి అక్కడ చోటు లేకపోతే ఆ సరస్సు బాగుపడినట్టు కాదు.

మన సంఘాల్లో పాటల పుస్తకాల పక్కన ఒక కొలతల పుస్తకం కూడా ఉండనివ్వండి. వచ్చే నెల మొదటి శనివారం రంభకు ఎవరెవరు వస్తారో, వెళ్లేముందు పేర్లు రాసి ఇవ్వండి.