శాసనమునకు అర్థము చెప్పువారెవరు?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయోత్సవములందు పురాణమో కావ్యమో ప్రసంగ విషయమగుట వాడుక. నేటి విషయము శాసనము. అయినను ఇది గ్రంథాలయమునకు పరాయిది కాదు. శాసనమును అక్షరములతో కూర్చిన గ్రంథమే. కావ్యమునకు వలెనే దానికిని వ్యాఖ్యాతలు కలరు. కావ్యమునకు తప్పుగా అర్థము చెప్పినచో రసభంగము కలుగును; శాసనమునకు తప్పుగా అర్థము చెప్పినచో ఒక కుటుంబము నిలువనీడను కోల్పోవును.

చట్టమును అమలుజరుపు ప్రతి కార్యాలయమును దినదినము దానికి అర్థము చెప్పుచునే యుండును. ఈ భూమి పట్టాదా, ప్రభుత్వముదా, చెరువు శిఖమా అని తేల్చుకొననిదే అధికారి కలము కదలదు. ఇది ఆక్షేపింపదగినది కాదు. ప్రశ్న వేరొకటి కలదు. కార్యాలయము చెప్పిన అర్థమే తుది అర్థమా? ఆ వివాదమున ప్రభుత్వమే ఒక కక్షిదారైనపుడు, దాని మాటయే తీర్పగునా?

ఈ ప్రశ్నకు సమాధానము ఎక్కడనో వెదకనక్కరలేదు. మేడ్చలుకు ఎంతో దూరము కాని హబ్సిగూడ భూముల వ్యాజ్యముననే అది లభించుచున్నది. నిజాము ప్రభుత్వము 1932 - 1937 సంవత్సరముల నడుమ ఉస్మానియా విశ్వవిద్యాలయము కొరకు కొన్ని భూములను సేకరించెను. హబ్సిగూడలో నవాబు హబీబుద్దీను అధీనమున మూడు ఖండములుండెను. ఒకటి 10 ఎకరముల 2 గుంటలు, రెండవది 9 ఎకరముల 33 గుంటలు, మూడవది 26 ఎకరముల 14 గుంటలు. ఇవియు సేకరణలో చేరినవని విశ్వవిద్యాలయము, చేరలేదని నవాబు వాదించిరి.

1956 ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయము హైదరాబాదు సిటీ సివిల్ కోర్టులో దావా వేసెను. 1959లో ఆ దావా కొట్టివేయబడెను. పెద్ద ఖండము అసలు సేకరింపబడనే లేదనియు, తక్కిన రెండును సేకరింపబడినను దావాకు ముందు పండ్రెండేండ్లలోపల అవి తన స్వాధీనమున నుండెనని విశ్వవిద్యాలయము రుజువు చేయలేదనియు న్యాయస్థానము తేల్చెను. 1964 జనవరిలో హైకోర్టు అప్పీలును కూడ తోసిపుచ్చెను.

అంతటితో కథ ముగియవలసినది; ముగియలేదు. ఆ యేడు మే నెలలో విశ్వవిద్యాలయము ప్రభుత్వమునకు లేఖ వ్రాసి, ఆ భూములలోనివారిని వెడలగొట్టుమని కోరెను. డిసెంబరు 8వ తేదీన తహశీలుదారు 1905 నాటి భూ ఆక్రమణ చట్టము క్రింద నోటీసు నిచ్చెను. 15వ తేదీన ఖాళీ చేయుమని ఉత్తరువు వెలువడెను. ఎనిమిది యేండ్లు న్యాయస్థానములలో గెలువజాలని భూమి ఏడు దినములలో ఒక కాగితముతో వశమగునట్లు కనబడెను!

నవాబు కలెక్టరునకు అప్పీలు చేసికొనెను; 1965లో అది పోయెను. రెవెన్యూ బోర్డుకు పోగా 1968లో అదియు పోయెను. ఈ నడుమ ఆయన భూములను విక్రయించెను, మరణించెను. కొన్నవారు వ్యాజ్యమును కొనసాగించిరి. 1973 నవంబరులో ప్రభుత్వము కూడ వారి అప్పీలును కాదనెను. 1974లో వారు హైకోర్టులో రిట్ దాఖలు చేసిరి. ఒక న్యాయమూర్తి దానిని కొట్టివేయగా, అప్పీలులో ధర్మాసనము వారి పక్షమున తీర్పు చెప్పెను. ప్రభుత్వము సుప్రీంకోర్టుకు పోయెను.

ఇచట గమనింపదగిన దేమనగా, తహశీలుదారు మొదలు ప్రభుత్వము వరకు నాలుగు మెట్లెక్కినను, ప్రతి మెట్టుననున్నది ప్రభుత్వ యంత్రాంగమే. ఆ చట్టము ప్రకారము సంక్షేప విధానమున ఖాళీ చేయింపవలెనన్నచో ఆ భూమి ‘ప్రభుత్వ ఆస్తి’ అయి యుండవలయును. ఈ రెండు మాటలకే వివాదమంతయు కట్టువడి యున్నది. ప్రభుత్వము తనదని తలచినది ప్రభుత్వ ఆస్తియా? లేక నిర్వివాదముగ దానిదైనదే ప్రభుత్వ ఆస్తియా?

1982 మార్చి 16వ తేదీన ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్‌గారు ఇచ్చిన తీర్పు ఈ చిక్కును విడదీసెను. స్వాధీనమున నున్నవాడు సద్భావముతో హక్కు చెప్పుచున్నపుడు, భూమి తనదేయని ప్రభుత్వము తానే నిర్ణయించుకొని, ఆ నిర్ణయమునే ఆధారము చేసికొని వానిని వెడలగొట్టరాదు. అట్టి హక్కు వివాదము సాధారణ న్యాయస్థానములలో తేలవలసినదే యని ఆ తీర్పు సారాంశము. వాడు ఎన్నాళ్లనుండి యున్నాడను లెక్క యొక్కటే చాలదు. అయినను చిరకాలము బహిరంగముగ అనుభవించుచున్నవానికి సద్భావముతో కూడిన హక్కు కలదని తొలిచూపున భావింపవచ్చునని కూడ న్యాయస్థానము చెప్పెను.

ప్రాచీన ధర్మశాస్త్రము నెరిగినవారికి ఇది క్రొత్త మాట కాదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున లిఖితము, భుక్తి, సాక్షి అని మూడు ప్రమాణములు చెప్పబడినవి. ఆ స్మృతిపై విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దమున కేతన తెనిగించెను. కాగితము, అనుభవము, సాక్ష్యము ఈ మూడును తూచుటకు త్రాసు వలయును. ఆ త్రాసు కక్షిదారు చేతిలో నుండరాదు. కంచెయే చేను మేసినచో కాచువారెవరు?

అయితే ఈ తీర్పును ఆక్రమణదారులకు వరమని తలచుట పొరపాటు. ఆ భూమి ఎవరిదో సుప్రీంకోర్టు తేల్చలేదు. ఎచట తేలవలెనో మాత్రమే చెప్పెను. చెరువును పూడ్చి గోడ కట్టినవానిది సద్భావము కాదు.

శామీర్‌పేట చెరువు నీటిని చూచుచు పెరిగినవారు దీనికి జతగా మరియొక తీర్పు నెరుగవలయును. పంజాబునందలి పటియాలా తాలూకా రోహర్ జాగీరు గ్రామమున కొందరు గ్రామపు చెరువు స్థలము నాక్రమించి ఇండ్లు కట్టిరి. వారిని ఖాళీ చేయించుట ప్రజాహితము కాదనియు, స్థలము వెల రాబట్టిన చాలుననియు కలెక్టరు అర్థము చెప్పెను. కమిషనరు దానిని రద్దు చేసెను. 2011 జనవరి 28వ తేదీన సుప్రీంకోర్టు ఆ రద్దునే సమర్థించి, గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను క్రమబద్ధము చేయు ప్రభుత్వ ఉత్తరువులు చెల్లవని ప్రకటించెను. ఆక్రమణదారులకు నోటీసిచ్చి, వారి మాట విన్న పిదపనే తొలగింపవలెనని కూడ చెప్పెను. హబ్సిగూడలో కార్యాలయము చెప్పిన అర్థము పౌరునకు కీడు చేసెను. పటియాలాలో కలెక్టరు చెప్పిన అర్థము ఊరికే కీడు చేసెను. రెండు చోట్లను న్యాయస్థానము శాసనమునే చూచెను.

ఈ తర్జనభర్జన ఈ దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో శాసనము అస్పష్టముగ నున్నపుడు కార్యాలయము చెప్పిన సమంజసమైన అర్థమును న్యాయస్థానములు మన్నింపవలెనని 1984లో అచటి సుప్రీంకోర్టు నిర్ణయించెను. చేపల పడవలవారు తెచ్చిన వ్యాజ్యములో 2024 జూన్ 28న ఆ నిర్ణయమును తానే త్రోసివేసి, అర్థనిర్ణయము న్యాయమూర్తుల పనియేయని చెప్పెను. అధికారుల అనుభవమును గౌరవముతో విందురు గాని దానికి కట్టుపడరు.

ఇందువలన గ్రామస్థులు గ్రహింపవలసిన దేమి? బాహ్యవలయ రహదారి వచ్చిన పిదప మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతములలో గుంట భూమియు బంగారమైనది, వివాదములును పెరిగినవి. నోటీసు వచ్చినపుడు భయపడి మూలకు వేయరాదు, కోపముతో చింపరాదు. ఏ చట్టము, ఏ సెక్షను క్రింద వచ్చెనో చదువవలయును. గడువులోపల పట్టా, పహాణీ, శిస్తు రసీదులు జతపరచి, వ్రాతపూర్వకముగ బదులీయవలయును. ఉత్తరువులో కారణములు వ్రాయుమని కోరవలయును. అధికారి శాసనమునకు తప్పు అర్థము చెప్పెనన్నచో అప్పీలు కలదు. పిదప రాజ్యాంగము 226వ అధికరణము క్రింద హైకోర్టు కలదు. భూమి ఎవరిదను వాస్తవ వివాదమునకు సివిల్ కోర్టు కలదు. ఏ ప్రశ్నకు ఏ వాకిలి తట్టవలెనో తెలియకనే పెక్కుమంది సంవత్సరములు పోగొట్టుకొనుచున్నారు.

న్యాయము వచ్చునుగాని నడచి వచ్చును. 1956లో మొదలైన వ్యాజ్యమునకు 1982లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చెను. అది గ్రంథాలయమునకు రజతోత్సవము జరుగునంతటి కాలము! తీర్పు వినుటకు హబీబుద్దీను లేడు. కావున వివాదము రాకమునుపే కాగితములు సరిచూచుకొనుట మేలు.

శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము వెలసి యున్నది. దేశపు నలుమూలలనుండి విద్యార్థులు వచ్చి శాసనములు చదువుచున్న ఈ నేలమీద, తన పొలమునకు వర్తించు చట్టము ఈ ప్రాంతపు రైతునకు తెలియకుండుట తగదు. ఈ గ్రంథాలయమున భారత భాగవతముల ప్రక్కనే రాజ్యాంగ ప్రతియు, భూ చట్టముల తెలుగు ప్రతులును ఉండుగాక. చదువరులు వానిని నలుగురికి చదివి వినిపింతురుగాక. రానున్న ఇరువదియైదేండ్లకు ఈ గ్రంథాలయము చేయదగిన గొప్ప సేవ అదియే.

స్వస్తి.